కొత్త లాప్‌టాప్ మొరాయిస్తే జవాబు చెప్పాల్సింది ఎవరు? షాపా, కంపెనీయా?

కాలేజీలు తెరిచే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం కంప్యూటర్ షాపుల్లో కాలు పెట్టే చోటుండదు. ఇంజినీరింగ్‌లో చేరిన పిల్లాడికి లాప్‌టాప్ కొనడానికి ఒక ఇంట్లో చీటీ పాడతారు, ఇంకో ఇంట్లో జీడిపిక్కలు అమ్మిన డబ్బు తీస్తారు. కొద్ది వారాలు గడిచాక అదే కౌంటర్ దగ్గర వేరే మాటలు వినిపిస్తాయి. తెర మిణుకుమంటోందని ఒకరు, ఛార్జింగ్ ఎక్కడం లేదని ఇంకొకరు. వాళ్లకు వచ్చే సమాధానం దాదాపు ఒక్కటే: "డబ్బా సీలు మీ ఎదురుగానే ఇప్పీసాం కదా బాబూ. లోపల కంపెనీవోడు ఏటి పెట్టాడో మాకేటి తెలుస్తాది? సర్వీస్ సెంటర్‌కి ఎలిపోండి."

చాలా బ్రాండ్లకు ఆ సర్వీస్ సెంటర్ ఉండేది విశాఖపట్నంలో. విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద పైనే, ఇచ్ఛాపురం వాళ్లకైతే రెండు వందలు దాటుతుంది. ఒక రోజు పని పోతుంది, బస్సు ఛార్జీలు అదనం. అందుకే షాపతను అన్న మాట చట్టం ముందు ఎంతవరకు నిలుస్తుందో తెలియడం ఇక్కడి కొనుగోలుదారుకు చాలా అవసరం. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ షాపుకు అసలు సంబంధమే లేదనడంలో మాత్రం నిజం లేదు.

ఒకే వస్తువు మీద మూడు వేర్వేరు హక్కులు

గందరగోళం అంతా మూడు హక్కుల్ని ఒకటిగా కలిపేయడం వల్లే వస్తోంది.

మొదటిది అమ్మకం ఒప్పందం నుంచి పుట్టే హక్కు. డబ్బు తీసుకుని బిల్లు ఇచ్చింది షాపు కాబట్టి ఒప్పందం షాపుతోనే. దీన్ని నడిపించేది 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 1872 నాటి కాంట్రాక్టు చట్టం. రెండోది కంపెనీ వారంటీ. తయారీదారు తన ఇష్టపూర్వకంగా, తాను పెట్టుకున్న నిబంధనలతో ఇచ్చే మాట అది. ఏడాదా మూడేళ్లా, ఇంటికొచ్చి చేస్తారా మనమే మోసుకెళ్లాలా అన్నది ఆ కార్డులో ఉంటుంది. మూడోది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చే హక్కు. 1986 నాటి పాత చట్టం స్థానంలో ఇది 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. దీని కింద షాపును, కంపెనీని ఇద్దరినీ ఒకే ఫిర్యాదులో నిలబెట్టవచ్చు.

వారంటీ కార్డు ఈ మూడింటిలో ఒకటి మాత్రమే. కార్డులో లేదు కాబట్టి హక్కు లేదని అనుకోవడం దగ్గరే చాలామంది వెనక్కి తగ్గుతారు. కంపెనీ కార్డు కంపెనీ ఏం చేస్తుందో చెబుతుంది. షాపు బాధ్యతను అది రద్దు చేయలేదు.

1930 చట్టం షాపు నెత్తిన పెట్టిన బరువు

వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ రెండు విషయాలు చెబుతుంది. ఆ సరుకుల వ్యాపారం చేసే వ్యక్తి దగ్గర వర్ణనను బట్టి వస్తువు కొంటే, అది అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్న షరతు ఎవరూ రాయకపోయినా ఒప్పందంలో ఉన్నట్టే. అలాగే కొనేవాడు తన అవసరం ఫలానా అని చెప్పి, అమ్మేవాడి తెలివిడి మీద ఆధారపడి కొంటే, వస్తువు ఆ అవసరానికి పనికొచ్చేలా ఉండాలి. షాపతనికి లోపం తెలుసా తెలియదా అన్న ప్రశ్నే ఇక్కడ రాదు. సీలు వేసిన డబ్బా అనే సమాధానం ఈ సెక్షన్ ముందు నిలవకపోవడానికి కారణం ఇదే.

అయితే మినహాయింపులున్నాయి. ఒక ప్రత్యేకమైన వస్తువును దాని బ్రాండు పేరుతో అడిగి కొంటే, అది ఫలానా పనికి పనికొస్తుందన్న హామీ ఉండదు. పిల్లాడు యూట్యూబ్‌లో చూసి మోడల్ నంబరుతో సహా అడిగి కొనుక్కున్న లాప్‌టాప్ మీద ఆటోక్యాడ్ (ఇంజినీరింగ్ డ్రాయింగుల సాఫ్ట్‌వేర్) నత్తనడక నడిస్తే షాపును తప్పుపట్టడం కష్టం. అదే తండ్రి కౌంటర్ దగ్గర "మావోడు సివిల్ ఇంజినీరింగండి, ఆటోక్యాడ్ ఆడాలి, మీరే ఏదోటి మంచిది చూసి ఇవ్వండి" అని అడిగి ఉంటే లెక్క మారిపోతుంది. ఇంకో మినహాయింపు: కొనేవాడు వస్తువును పరిశీలించి తీసుకుంటే, ఆ పరిశీలనలో బయటపడాల్సిన లోపాల గురించి తర్వాత అడగలేడు. మూత మీద గీత ఉందని నెల తర్వాత చెబితే చెల్లదు. మదర్‌బోర్డులో పగులు ఉందంటే చెల్లుతుంది.

అసెంబుల్డ్ కంప్యూటర్ విషయంలో షాపు బాధ్యత ఇంకా బరువెక్కుతుంది. పలాసలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసుకునే ఒకాయన ఉన్నాడనుకుందాం. షాపుకెళ్లి వీడియో ఎడిటింగ్‌కి సిస్టమ్ కావాలన్నాడు. మాఘమాసం ముహూర్తాలకు ఆర్డర్లున్నాయనీ చెప్పాడు. 74,000 తీసుకుని షాపతను ప్రాసెసర్, బోర్డు, గ్రాఫిక్ కార్డు ఒకచోట బిగించి ఇచ్చాడు. పవర్ సప్లై మాత్రం చవకరకం ఎస్‌ఎంపీఎస్ వేశాడు. బిల్లులో ఒకే లైను: "కంప్యూటర్ సెట్ ఒకటి." మొదట్లో రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుదిరూపంలోకి మార్చే పని) పెట్టినప్పుడల్లా సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. నాలుగో నెలలో ఒక రాత్రి కాలిన వాసన వచ్చి ఆగిపోయింది. బోర్డు, కార్డు రెండూ పోయాయి. కార్డు కంపెనీకి పంపితే కాలిన గుర్తులున్నాయని వారంటీ నిరాకరించింది. కంపెనీ వైపు నుంచి చూస్తే అది సబబే, ఎందుకంటే కార్డులో లోపం లేదు.

ఇక్కడ "కంపెనీని అడగండి" అనడానికి ఏ కంపెనీ ఉంది? మొత్తం యంత్రాన్ని తయారుచేసింది షాపే. 2019 చట్టం 'ఉత్పత్తి తయారీదారు' నిర్వచనంలో ఇతరులు చేసిన భాగాలను కూర్చేవాడిని కూడా చేర్చింది. పైగా అవసరం చెప్పి, షాపతని ఎంపిక మీద ఆధారపడి కొన్న వస్తువు ఇది. ఇంతకంటే స్పష్టమైన కేసు కొనుగోలుదారుకు దొరకడం అరుదు. అతన్ని దెబ్బతీసేది ఆ ఒంటిలైను బిల్లే. లోపల ఏ పవర్ సప్లై వేస్తామని ఒప్పుకున్నారో, ఎన్ని వాట్లదో దాంట్లో లేదు. కొటేషన్ కాగితమో, వాట్సాప్‌లో పంపిన భాగాల జాబితానో ఉంటే అదే అతనికి అండ.

ఏది లోపం, ఏది కాదు

2019 చట్టం ప్రకారం నాణ్యతలో, పరిమాణంలో, సామర్థ్యంలో, స్వచ్ఛతలో, లేదా ప్రమాణంలో ఉన్న తేడా, కొరత, అసంపూర్ణత ఏదైనా లోపమే. ఆ ప్రమాణం చట్టం పెట్టినదైనా కావచ్చు, ఒప్పందం పెట్టినదైనా కావచ్చు, అమ్మేవాడు ప్రకటించుకున్నదైనా కావచ్చు. నిర్వచనం ఇంత విశాలంగా ఉన్నా, దాని కిందికి రానివి కొన్ని ఉన్నాయి.

512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచుకునే డిస్కు) అని కొంటే విండోస్‌లో 476 మాత్రమే కనిపించిందని గొడవపడేవాళ్లు చాలామంది. అది మోసం కాదు. తయారీదారు ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లని లెక్కగడతాడు. విండోస్ 107,37,41,824 బైట్లని లెక్కగడుతుంది. 51,200 కోట్ల బైట్లను ఆ అంకెతో భాగిస్తే వచ్చేది 476 చిల్లరే. మరోవైపు వెయ్యి రూపాయలకు టెరాబైట్ అంటూ అమ్మే పెన్‌డ్రైవులు ఉన్నాయి. కంప్యూటర్‌కు పెడితే టెరాబైట్ అనే చూపిస్తాయి, కానీ కొద్ది జీబీలు దాటగానే పాత ఫైళ్లను తొక్కేస్తాయి. అవి పచ్చి నకిలీలు.

తెర మీద ఒకే ఒక్క చుక్క వెలగకపోతే చాలా కంపెనీలు లోపంగా ఒప్పుకోవు, ఇన్ని చుక్కలు దాటితేనే అని తమ పాలసీలో రాసుకుంటాయి. ఆ పాలసీ కొనేముందు మనకు చెప్పారా అన్నది అప్పుడు ప్రశ్న అవుతుంది. రెండేళ్లకు బ్యాటరీ బలం తగ్గడం అరుగుదల. రెండు నెలలకే సగానికి పడిపోతే లోపం. పాత సరుకును మెరుగుపెట్టి కొత్తదని అమ్మడం లోపంతో ఆగదు, అనుచిత వ్యాపార పద్ధతి కూడా అవుతుంది. ఛార్జర్ల సంగతి ప్రత్యేకం. అడాప్టర్లు, లాప్‌టాప్‌లు, కీబోర్డుల వంటి వాటికి 2012 ఉత్తర్వు కింద భారతీయ ప్రమాణాల సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. ఆ నంబరు వస్తువు మీద ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూడవచ్చు. నంబరు లేని ఛార్జర్ అంటగట్టిన షాపుకు, అది కాలిపోయినప్పుడు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ మిగలదు.

సాఫ్ట్‌వేర్ కూడా వస్తువేనా? డిస్కులో పెట్టి అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ వస్తువేనని 2004లో సుప్రీంకోర్టు తేల్చింది. అది మన ఆంధ్రప్రదేశ్ అమ్మకపు పన్ను మీద టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ వేసిన కేసు. అది పన్ను కోసం చెప్పిన తీర్పు. ఒరిజినల్ విండోస్ అని డబ్బు తీసుకుని క్రాక్ కాపీ ఎక్కించిన షాపు మీద అడగడానికి మాత్రం ఆ తర్కం దాకా పోనక్కర్లేదు, ఒప్పుకున్నది ఇవ్వలేదంటే చాలు.

చిలుము పట్టిన బోర్డు: రుజువు బరువు ఎవరిది?

వివాదాల్లో ఎక్కువ భాగం తేలేది ఇక్కడే, సెక్షన్ల దగ్గర కాదు. లోపం ఉందని చూపించాల్సిన బాధ్యత మొదట ఫిర్యాదుదారుదే. కంపెనీ చేతిలో మాత్రం ఒక బలమైన కాగితం ఉంటుంది. సర్వీస్ సెంటర్ ఇంజినీర్ జాబ్‌షీట్‌లో, అంటే రిపేరుకు ఇచ్చినప్పుడు రాసే కాగితంలో, 'సీఐడీ' అని మూడక్షరాలు రాస్తాడు. కస్టమర్ వల్ల జరిగిన డ్యామేజీ అని దాని అర్థం. ఆ మూడక్షరాలు పడ్డాయంటే ఉచిత రిపేరు పోయినట్టే.

మన తీరంలో ఇది తరచూ జరుగుతుంది. భావనపాడు, కళింగపట్నం వైపు ఉప్పుగాలికి కనెక్టర్ల మీద పచ్చగా చిలుము పడుతుంది. లోపల తేమకు రంగు మారే చిన్న స్టిక్కర్ ఎర్రబడుతుంది. ఎవరూ నీళ్లు పొయ్యలేదు, టీ ఒలకలేదు, అయినా "లిక్విడ్ డ్యామేజీ" అని రాసేస్తారు. తుపాన్లప్పుడు కరెంటు హెచ్చుతగ్గులు ఇంకో కారణం. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానంలో చాలా ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి సమయాల్లో కరెంటు వచ్చీపోయే ఊపుకు బోర్డు పోతే అది కొనుగోలుదారు తప్పా? వారంటీ ప్రకారం చూస్తే చాలా కంపెనీలు బాధ్యత లేదంటాయి, ఎందుకంటే పిడుగు, ఓల్టేజీ, ద్రవం, పురుగులు అన్నీ మినహాయింపుల్లో ఉంటాయి. నిజంగా పిడుగుపడి పోయిన యంత్రం విషయంలో వాళ్ల మాట న్యాయమే. కానీ ఏ ఫొటో లేకుండా, ఏ పరీక్షా లేకుండా రాసిన సీఐడీ మాట ఒక్కటే రుజువు కాదు. తీరప్రాంతంలో అమ్మే వస్తువు తీరప్రాంతపు గాలిని కొన్నేళ్లైనా తట్టుకోవాలనడం అత్యాశ కాదని నా అభిప్రాయం.

ఇద్దరి మాటా నమ్మలేని స్థితి కోసం చట్టం ఒక దారి పెట్టింది. పరీక్ష చేయకుండా తేల్చలేని లోపమైతే 2019 చట్టం 38వ సెక్షన్ కింద వినియోగదారుల కమిషన్, అంటే ఈ ఫిర్యాదులు విచారించే సంస్థ, వస్తువును సీలు వేసి తగిన లేబరేటరీకి పంపవచ్చు. నివేదికకు గడువు 45 రోజులు. ముందుగా ఫీజు కట్టాల్సింది ఫిర్యాదుదారు. ముప్పై వేల లాప్‌టాప్ కోసం ఈ ఖర్చు ఎందుకని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అప్పుడు కేసు నిలబడేది జాబ్‌షీట్ల మీదే. ఒకే సమస్యకు మూడుసార్లు అదే భాగం మార్చినట్టు కంపెనీ సొంత కాగితాల్లోనే ఉంటే, లోపం లేదని కంపెనీ వాదించడం కష్టం. సమస్య ఏమిటో జాబ్‌షీట్‌లో "చెక్ చేయాలి" అని రాసి ఉంటే కేసు నీరుగారుతుంది. "పది నిమిషాలకు తెర నల్లబడుతోంది" అని ఉంటే బలపడుతుంది. సంతకం పెట్టేముందు ఎవరూ చదవని ఆ ఒక్క వాక్యానికి అంత విలువ ఉంది.

రిపేరా, మార్పిడా, డబ్బు వాపసా?

కొనుగోలుదారు మొదటి రోజు నుంచీ కొత్తది కావాలంటాడు. కంపెనీ రిపేరు చేస్తానంటుంది. రెండువైపులా ఆధారాలున్నాయి.

2019 చట్టం 39వ సెక్షన్ కింద కమిషన్ లోపాన్ని సరిచేయమని చెప్పవచ్చు, అదే రకం కొత్త వస్తువు ఇవ్వమనవచ్చు, ధరను వడ్డీతో తిరిగి ఇప్పించవచ్చు, పైన పరిహారమూ ఖర్చులూ వేయవచ్చు. ఏది అన్నది లోపం తీవ్రతను బట్టి. కంపెనీలు చూపించే తీర్పు 2006 నాటి మారుతీ ఉద్యోగ్ కేసు. కారు క్లచ్ లోపానికి కారంతా మార్చాల్సిన పనిలేదని, వారంటీ మాట ఇచ్చింది భాగం మార్చడం వరకేనని సుప్రీంకోర్టు అప్పుడు చెప్పింది. కీబోర్డు పోతే లాప్‌టాప్ మొత్తం అడగడం ఆ తర్కానికి నిలవదు. ఎన్నిసార్లు బాగుచేసినా అదే రోగం తిరగబెడితే మాత్రం అది భాగం సమస్య స్థాయి దాటిపోయినట్టే, మార్పిడి లేదా వాపసు కోరడానికి బలం వస్తుంది.

కాలం గడిచేకొద్దీ ఒప్పంద చట్టం కింద హక్కు సన్నబడుతుంది. సరుకు తిరస్కరిస్తున్నానని చెప్పకుండా సముచితమైన కాలం దాటి తన దగ్గరే ఉంచుకుంటే అంగీకరించినట్టే లెక్క. ఆ తర్వాత వస్తువు వెనక్కిచ్చి డబ్బు అడిగే దారి మూసుకుపోయి, నష్టం అడిగే దారి మాత్రమే మిగులుతుంది. మొదటి కొద్ది రోజుల్లోనే పోయిన యంత్రానికి కంపెనీలు ఇచ్చే 'డీఓఏ' సర్టిఫికెట్‌కు, అంటే చేతికొచ్చేసరికే చచ్చిందని ఇచ్చే కాగితానికి, అందుకే అంత గిరాకీ.

"అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బిల్లు కింద అచ్చువేసినంత మాత్రాన పని జరగదు. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోపు, గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టమే పేర్కొంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే జాబితాలో ఉంది. రంగు నచ్చలేదని, వేరే చోట తక్కువకు దొరికిందని వెనక్కి తెచ్చేవాళ్లకు ఇది వర్తించదు. బిల్లు కింద ఆ అచ్చుమాట పనికొచ్చేది అలాంటి వాళ్ల దగ్గరే.

2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు ఎగబాకడంతో ఇంకో చిక్కు వచ్చిపడింది. నిరుడు 3,000కు కొన్న ర్యామ్ స్టిక్ ఇప్పుడు పాడైందనుకుందాం, అదే స్టిక్ ధర మార్కెట్‌లో 8,000 అయిందనుకుందాం. షాపు "మీ మూడు వేలు మీకిచ్చేస్తాం" అంటే అది ఉదారంగా కనిపిస్తుంది, నిజానికి కొనుగోలుదారుకు అయిదు వేల నష్టం. వారంటీ మార్పిడి అని ఉన్నప్పుడు, అదే రకం కొత్త వస్తువు అడగడమే అతనికి లాభం. షాపుకు స్టాకు లేకపోతే? బిల్లు ధరా, నేటి ధరా అన్న వాదన అక్కడ మొదలవుతుంది. ఒప్పందం భంగమైన కారణంగా సహజంగా వచ్చే నష్టం ఇవ్వాలన్న కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ కొనుగోలుదారు వైపు మొగ్గుతుంది. ధరలు పడిపోయిన కాలంలో షాపులు ఇదే వాదన తమ వైపు తిప్పుకుంటాయని కూడా గుర్తుంచుకోవాలి.

షాపుల వాదనలో ఉన్న న్యాయం

చిన్న ఊరి షాపుకు లాప్‌టాప్ మీద మిగిలేది తక్కువ. డబ్బా తెరిచి చూసే హక్కు కూడా దానికి ఉండదు. కంపెనీ తిరిగి తీసుకోనప్పుడు అరవై వేలు ఎవరు భరించాలి? ఈ బాధ నిజమైనదే. దీనికి తోడు షాపుల తరఫున 2019 చట్టంలోని 86వ సెక్షన్ చూపిస్తారు. ఉత్పత్తి బాధ్యత కింద అమ్మకందారు దొరికేది కొన్ని సందర్భాల్లోనే అని అది చెబుతుంది: తయారీ, పరీక్ష, ప్యాకింగ్ మీద తనకు గట్టి అదుపు ఉండటం, వస్తువును మార్చడం, సొంతంగా వేరే హామీ ఇవ్వడం, కూర్చడంలో శ్రద్ధ చూపకపోవడం, తయారీదారు ఎవరో తెలియకపోవడం వంటివి.

ఈ సెక్షన్‌ను చదివేటప్పుడు ఒక్క విషయం జారిపోతోంది. ఉత్పత్తి బాధ్యత అనేది వస్తువు వల్ల కలిగిన 'హాని'కి సంబంధించింది. బ్యాటరీ పేలి చెయ్యి కాలడం, మంచం తగలబడటం లాంటివి. ఆ వస్తువు స్వయంగా పాడవడం హాని కిందికి రాదని నిర్వచనంలోనే ఉంది. కాబట్టి చచ్చిన లాప్‌టాప్‌కు డబ్బు అడిగే ఫిర్యాదును 86తో ఆపడం కుదరదు. అది లోపమున్న సరుకు మీద ఫిర్యాదు, ఒప్పందం షాపుతో ఉంది.

షాపు ఇచ్చాక కంపెనీ నుంచి రాబట్టుకోవడం వాళ్లిద్దరి మధ్య లెక్క. అటువైపు నుంచి కూడా ఒక తీర్పు ఉంది. డీలర్ సొంతంగా చేసిన తప్పుకు, అది కంపెనీకి తెలిసిందని రుజువు కానిదే కంపెనీని బాధ్యుణ్ని చేయలేమని 2021లో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాడిన యంత్రాన్ని కొత్తదని షాపు అంటగడితే కంపెనీ తప్పించుకోవచ్చన్నమాట. ఇద్దరినీ పార్టీలుగా చేర్చిన ఫిర్యాదులే ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణం.

కొన్నవాడు 'వినియోగదారు' కాకపోతే

వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవాళ్లు వినియోగదారుల చట్టం కిందికి రారు. కానీ బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా వాడుకునేవాళ్లను చట్టం లోపలికే తీసుకుంది. 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ గీత గీస్తూ టైపురైటర్ ఉదాహరణ ఇచ్చింది. ఇతరుల కాగితాలు డబ్బుకు టైపు చేయడానికి యంత్రం కొనడం వ్యాపార ప్రయోజనమే, అయినా కొన్నవాడు తానే కూర్చుని టైపు చేసుకుని పొట్టపోసుకుంటే అతను వినియోగదారే. టైపురైటర్ స్థానంలో కంప్యూటర్ పెడితే మన ఆల్బమ్ డిజైనర్ కేసు అదే. విజయనగరం కోర్టు దగ్గర డీటీపీ చేసుకునే వ్యక్తిదీ అదే.

పలాస-కాశీబుగ్గలో ఒక జీడి ఫ్యాక్టరీ బిల్లింగ్‌కు పది కంప్యూటర్లు కొంటే మాత్రం మాట వేరు. అంటే వాళ్లకు దిక్కు లేదని కాదు, దారి మారుతుంది. వస్తు విక్రయ చట్టం 59వ సెక్షన్ కింద ఇంకా చెల్లించాల్సిన ధరలోంచి నష్టాన్ని మినహాయించుకోమని కోరవచ్చు, లేదా దావా వేయవచ్చు. వర్తకుల మధ్య సరుకుల వివాదం విలువ 3 లక్షలు చేరితే కమర్షియల్ కోర్టుల చట్టం వర్తిస్తుంది, అత్యవసర ఉత్తర్వు కోరకపోతే ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. దావాకు గడువు మూడేళ్లు. కోర్టు ఫీజు కట్టాలి.

ఒక డీటీపీ సెంటర్ యజమాని ఇద్దరు కుర్రాళ్లను పనికి పెట్టుకుంటే? అతనూ కూర్చుని పనిచేస్తూ సాయానికి ఒకరిద్దర్ని పెట్టుకుంటే హక్కు పోదు. తాను కూర్చోకుండా నాలుగు సెంటర్లు నడిపిస్తే పోతుంది. మధ్యలో ఎక్కడ అన్నది ప్రతి కేసులోనూ వాస్తవాల మీదే తేలుతుంది.

ఆన్‌లైన్‌లో, సెకండ్ హ్యాండ్‌లో

ఆన్‌లైన్ కొనుగోలులో అమ్మకందారు ఎక్కడో హర్యానాలో ఉంటాడు, మధ్యలో వేదిక, అంటే ఆ అమ్మకాల వెబ్‌సైటు లేదా యాప్, ఉంటుంది. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్నదైనా, ప్రకటనలో చెప్పినట్టు లేనిదైనా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందినట్టు చెప్పి, నెలలోపు పరిష్కరించాలి. "రిటర్న్ విండో ఏడు రోజులే" అన్నది వేదిక సౌకర్యం కోసం పెట్టుకున్న పాలసీ. ఎనిమిదో రోజు నుంచి చట్టం పనిచేయడం మానేయదు. లోపానికి వేదిక కూడా బాధ్యురాలా అన్నదానిపై మాత్రం వాదనలు నడుస్తూనే ఉన్నాయి. తాము కేవలం మధ్యవర్తులమని వేదికలు అంటాయి. డబ్బు తీసుకుని, ప్యాక్ చేసి, డెలివరీ చేసి, సొంత ముద్ర వేశాక మధ్యవర్తి ఎలా అవుతారని అవతలివారు అడుగుతారు.

వాడిన లాప్‌టాప్‌ను తెలిసినవాళ్ల దగ్గరో, ప్రకటన చూసి ఒక వ్యక్తి దగ్గరో కొంటే రక్షణ బాగా తగ్గుతుంది. అతను ఆ సరుకుల వ్యాపారి కాడు కాబట్టి నాణ్యత షరతు ఉండదు. అబద్ధం చెప్పి అమ్మాడని చూపించగలిగితేనే ఏదైనా. సెకండ్ హ్యాండ్ షాపు అయితే షరతు ఉంటుంది, కాకపోతే ఆ ధరకు, ఆ వయసుకు తగ్గ నాణ్యతే ఆశించాలి.

పోయిన ఫొటోలకు, తప్పిన ఆర్డర్లకు లెక్క

డిస్కుతో పాటు పోయిన డేటాకు వారంటీ కార్డులు ఏమీ ఇవ్వవు. కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ ప్రకారం సహజంగా వచ్చే నష్టం, లేదా ఒప్పందం చేసుకునేటప్పుడే ఇద్దరికీ తెలిసిన నష్టం ఇప్పించవచ్చు, దూరపు నష్టం ఇప్పించలేరు. ఆల్బమ్ డిజైనర్ లెక్క చూద్దాం. బోర్డు, కార్డు, పవర్ సప్లై మార్చడానికి 38,000 అవుతాయి. ఇవి సహజ నష్టం. మాఘమాసం ఆర్డర్లున్నాయని ముందే చెప్పాడు కాబట్టి, పని ఆగకుండా నెలరోజులు అద్దెకు తెచ్చుకున్న సిస్టమ్‌కు కట్టిన 6,000 కూడా అడగవచ్చు. అద్దెకు తెచ్చుకునే వీలుండి కూడా ఊరకే కూర్చుని లక్ష నష్టపోయానంటే లెక్క నిలవదు. నష్టాన్ని తగ్గించుకునే మార్గం ఉందా అని చట్టం చూస్తుంది. బ్యాకప్ లేని పెళ్లి వీడియోకు ఎంత వెలకట్టాలి? దానికి సూత్రం లేదు. మానసిక వేదన పేరుతో కమిషన్‌లు కొంత వేస్తాయి, ఆ మొత్తం సాధారణంగా ఫిర్యాదుదారు ఆశించిన దానికి దగ్గరగా ఉండదు.

శ్రీకాకుళంలోనే ఫిర్యాదు, విశాఖలో కొన్నా సరే

2019 చట్టం తెచ్చిన మార్పుల్లో మన జిల్లాలకు అన్నిటికంటే మేలు చేసింది ఇది. కొనుగోలుదారు తాను నివసించే చోట, లేదా పనిచేసుకునే చోట ఫిర్యాదు చేయవచ్చు. విశాఖలో కొన్నా, బెంగళూరు చిరునామా ఉన్న కంపెనీ దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నా, ఆమదాలవలస వ్యక్తి శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. పాత చట్టంలో అవతలివాడు ఉండే చోటికో, లావాదేవీ జరిగిన చోటికో వెళ్లాల్సి వచ్చేది.

చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్ పరిధి, 5 లక్షల దాకా ఫీజే లేదు. లాయరు తప్పనిసరి కాదు. 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. దానికంటే ముందు 1915 హెల్ప్‌లైన్‌కు చెప్పుకుంటే కొన్ని కంపెనీలు అక్కడికక్కడే దిగివస్తాయి, అయితే ఆ హెల్ప్‌లైన్‌కు ఆదేశించే అధికారం లేదు. వివాద కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు పడాలి. ఈలోపు ఎన్ని ఈమెయిళ్లు నడిచినా గడియారం ఆగదు, ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. అవతలివాళ్లకు జవాబుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అంతకుమించి ఇవ్వకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఖరారు చేసింది.

పరీక్ష అవసరం లేని ఫిర్యాదు మూడు నెలల్లో, అవసరమైనది అయిదు నెలల్లో తేలాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఇంతకంటే ఎక్కువ పట్టడం మామూలే. ఆలోపు లాప్‌టాప్ మోడలే పాతబడిపోతుంది, పిల్లాడి చదువు ఆగదు కాబట్టి అప్పుచేసి ఇంకోటి కొంటారు. ఆదేశం వచ్చాక ఓడిన పక్షం 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు, దానికి వేసిన మొత్తంలో సగం ముందు డిపాజిట్ చేయాలి. అప్పీలూ చేయక, డబ్బూ ఇవ్వక కూర్చుంటే 72వ సెక్షన్ కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.